కుట్ర చిత్రాలు – పట్టపగటి వాస్తవం

1970ల నాటి అమెరికన్ రాజకీయ కుట్ర చిత్రాలమీద మన యువ రచయితలకు ఇవాళ కొత్తగా మోజు పుట్టింది. 'ది పారలాక్స్ వ్యూ' (1974), 'ది కాన్వర్సేషన్' (1974), 'త్రీ డేస్ ఆఫ్ ది కాండర్' (1975) వంటివాటిని శ్రీకూర్మం లాంటి ఊళ్లో కూర్చుని కూడా ఫోనులో చూస్తున్నారు. చూసి, "రాజ్యం గుట్టు రట్టు చేసిన సినిమాలివి, మనకెందుకు రాలేదు?" అని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. అయితే అవి రట్టు చేసినదెంత, మరుగుపరచినదెంత అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ చిత్రాల ఆకర్షణకు సామాజిక భూమిక ఉంది. 1963లో కెనెడీ హత్య, ఆపైన వియత్నాం యుద్ధం, 1972లో వాటర్‌గేట్ దొంగతనం, 1974లో నిక్సన్ రాజీనామా. పుష్కరం తిరక్కముందే అమెరికన్ మధ్యతరగతికి తన ప్రభుత్వంమీద ఉన్న నమ్మకం కూలిపోయింది. దెబ్బ తగులుతోంది, కొట్టిన చెయ్యి కనబడటం లేదు. ఆ చేతిని చూపిస్తామని ఈ చిత్రాలు ముందుకొచ్చాయి. ఒక హత్యనీ, ఒక కంపెనీనీ, చాటుగా రికార్డు చేసిన ఒక సంభాషణనీ ఒకే దారానికి గుచ్చాయి. పొంతన లేనట్టు కనిపించే సంఘటనల మధ్య సంబంధాన్ని పట్టుకోవటం జ్ఞానానికి తొలిమెట్టు. ఆ మేరకు ఇవి మెచ్చదగినవే.

మలిమెట్టు ఎక్కవలసిన చోట ఇవి చతికిలబడతాయి. 'పారలాక్స్ వ్యూ'లో హంతకుల సంస్థ ఆరా తీయబోయిన విలేకరి తానే హంతకుడిగా ముద్రపడి చస్తాడు. అతనొక్కడే నేరస్తుడనీ, కుట్రేమీ లేదనీ విచారణ సంఘం తేల్చేస్తుంది. 'కాన్వర్సేషన్'లో ఇతరుల మాటలు దొంగచాటుగా వినే నిపుణుడు, తన మాటలెవరో వింటున్నారన్న భయంతో సొంత ఇంటినే పెళ్లగించుకుంటాడు. 'కాండర్' కథానాయకుడు రహస్యాన్ని పత్రికకు అందజేస్తాడు. వాళ్లు అచ్చువేస్తారన్న నమ్మకమేమిటన్న ప్రశ్న అతనికి ఎదురవుతుంది. మూడింటిలోనూ సత్యం ఒక రహస్యం, దాన్ని తెలుసుకున్నవాడు ఒంటరి, జనం కేవలం నేపథ్యం. ప్రేక్షకుడికి మిగిలేది ఒక తియ్యని భయం. "నాకంతా తెలిసిపోయింది, చెయ్యగలిగిందేమీ లేదు" అన్న ఈ భావం మధ్యతరగతి నిష్క్రియాపరత్వానికి మేధావితనపు ముసుగు వేస్తుంది.

దీనికి భిన్నమైన దారి లేకపోలేదు. 1963లో గ్రీసు పార్లమెంటు సభ్యుడు లాంబ్రాకిస్ హత్య ఆధారంగా కోస్టా గావ్రాస్ 1969లో తీసిన 'జెడ్'లో కుట్రదారులు నీడలు కారు. యూనిఫారాలున్న అధికారులు. వాళ్ల చేతిలో పనిముట్లయిన బడుగులు పోలీసుల దయాదాక్షిణ్యాలమీద పొట్టపోసుకునేవాళ్లు. అంటే కుట్ర వెనక బతుకుతెరువుల లెక్క ఉంది. హత్యకు గురైనవాడి వెనక ఒక ఉద్యమం ఉంది. చిత్రం చివర సైనిక నియంతృత్వం వచ్చినా, ప్రేక్షకుడు హాల్లోంచి భయంతో కాక కోపంతో లేస్తాడు.

ఇక మన సంగతి. 'గూఢచారి 116' (1966) బాటలో వచ్చిన చిత్రాల్లో కుట్రదారుడు దేశద్రోహి, ప్రభుత్వం నిర్దోషి. 'అంకుశం' (1989) నాటికి రౌడీ వెనక రాజకీయ నాయకుడు కనిపించాడు. కానీ నిజాయితీగల ఒక ముఖ్యమంత్రినీ, ఒక పోలీసు అధికారినీ నిలబెట్టి, దుర్మార్గుణ్ణి తొలగిస్తే వ్యవస్థ కడిగిన ముత్యమవుతుందన్న భ్రమ కల్పించారు.

మన నేలమీద కుట్ర కథలు తెరమీదకన్నా ముందు అభియోగ పత్రాల్లో వచ్చాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులమీద లేవిడి దగ్గర భూస్వాములు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు మరుసటి ఏడు నిర్దోషులుగా బయటికొచ్చారు. అందులో రహస్యమేముంది? ఏజెన్సీలో అప్పులకూ భూముల బదిలీకీ అడ్డుకట్ట వేసే చట్టం 1917 నుంచీ ఉంది. భూములు మాత్రం అందరి కళ్లెదుటే చేతులు మారాయి. దీనిమీద జనం తిరగబడ్డాక అధికారులకు 'కుట్ర' కనిపించింది. పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. 1974లో సికిందరాబాదు కుట్ర కేసులో రచయితలు ముద్దాయిలయ్యారు, వాళ్ల రచనలే సాక్ష్యాలయ్యాయి. 1989లో కేసు కొట్టేసేదాకా పదిహేనేళ్లు గడిచాయి. కవిత్వాన్ని రహస్య సంకేతాల మూటగా చదివే ఆ పద్ధతి కుట్ర చిత్రాలది కూడా.

ఇదే శ్రీకాకుళం జిల్లా మనిషి కాళీపట్నం రామారావు 1966లో 'యజ్ఞం' రాశారు. అందులో దొంగ పత్రం లేదు, చాటు మంతనం లేదు. అప్పల్రాముడి అప్పు తగువు ఊరి పెద్దల సమక్షంలో, పంచాయతీలో తేలుతుంది. తీర్చే శ్రీరాములు నాయుడు మంచివాడని పేరున్నవాడు. అంతా న్యాయబద్ధమే. ఆ న్యాయమే సీతారాముడి చేత కన్నకొడుకును నరికిస్తుంది. కుట్రదారుడొకడు దొరికుంటే పాఠకుడు వాణ్ణి తిట్టి నిశ్చింతగా నిద్రపోయేవాడు. దొరకలేదు కనకనే ఆ కథ ఇప్పటికీ మనల్ని నిద్రపోనివ్వదు.

కుట్రలే లేవని నేననటం లేదు. ఎమర్జెన్సీలో 'కిస్సా కుర్సీ కా' ప్రింట్లనూ నెగిటివునూ నాశనం చేశారు. వాటర్‌గేట్ కల్పన కాదు. అయితే కుట్ర అనేది దోపిడీ తనకు ఇబ్బంది వచ్చినప్పుడు పట్టే ఆయుధం. మిగతా రోజుల్లో దానికి రిజిస్ట్రారాఫీసూ, వడ్డీ లెక్కా, అలవాటైన మర్యాదా చాలు. "ఇదంతా పాలకవర్గాల కుట్ర" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే విమర్శ మన పత్రికల్లోనూ తక్కువేం లేదు. ఆ వాక్యం రాసిన చోట విశ్లేషణ ఆగిపోతుంది. పైగా ఇవాళ ఫోన్లలో తిరిగే వదంతులు ఆ మాటనే ఎత్తుకుని, ఏ బలహీన వర్గాన్నయినా కుట్రదారుగా చూపించగలుగుతున్నాయి.

కనక కుట్ర చిత్రాల్ని చూడండి, వాటి బిగువు నేర్చుకోండి. కానీ కథ రాసేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి: మీ కథలో ఆ ఒక్క రహస్య ఫైలూ లేకపోతే అన్యాయం ఆగిపోతుందా? ఆగిపోతే, మీరు ఫైలు గురించి రాశారు. ఆగకపోతే, మీరు సమాజం గురించి రాశారు.