రాజధనము - రంగస్థలము

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున నొక వృత్తాంతము గలదు. ఇంద్రధ్వజోత్సవమున భరతుఁడు తన పుత్రులతోఁ దొలి ప్రయోగము గావించెను. దేవతలు దైత్యులను జయించుట అందలి యితివృత్తము. దేవతలు మెచ్చి నటులకుఁ గానుక లొసఁగిరి. దైత్యులు కినిసి, విరూపాక్షుని ముందిడుకొని, విఘ్నములతోఁ గూడి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపఁజేసిరి. ఇంద్రుఁడు జర్జరముతో వారిని మోఁదెను గాని కలహము తీఱలేదు. పిమ్మట బ్రహ్మ వారిని సామవచనములఁ బిలిచి, నాట్యము మీకొఱకే కాని దేవతలకొఱకే కాని కల్పింపఁబడినది కాదనియు, ముల్లోకముల భావముల ననుకీర్తించుటయే దాని స్వరూపమనియు సమాధానము చెప్పెను.

పోషకుని జయమును వర్ణించు నాటకము నాట్యమా, స్తుతిపాఠమా యను శంక మిక్కిలి ప్రాచీనమని దీనివలనఁ దెలియుచున్నది. ఈ శంకయే యిరువదవ శతాబ్దమున అమెరికా సంయుక్తరాష్ట్రములందు వేఱొక రూపమునఁ బొడమినది. ఆ చరిత్రమును మన లాక్షణికుల దృష్టితోఁ బరిశీలించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1929వ సంవత్సరమున నారంభమైన ధనసంక్షోభమువలన నా దేశమునఁ గోటికిఁ బైఁబడిన జనులు పనులు గోల్పోయిరి. మాటలాడు చలనచిత్రములు వ్యాపించుటచే నటుల స్థితి యంతకుముందే క్షీణించియుండెను. 1935 ఆగస్టులో, హారీ హాప్కిన్సు అధికారమునం దుండిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ అను శాఖక్రింద 'ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు' నెలకొల్పఁబడెను. వాస్సరు కళాశాలలో నాటకవిద్య గఱపుచుండిన హాలీ ఫ్లానగన్ అను విదుషి దానికి నిర్వాహకురాలయ్యెను. నటులకును రంగశిల్పులకును భిక్షకు మాఱుగా వేతన మొసఁగుటయే దీని ప్రథమోద్దేశము. ఉచ్చదశయందుఁ బదివేలకు మించిన జనులు దీనివలన జీవించిరి. రంగమునకు స్వాతంత్ర్యముండునని హాప్కిన్సు మాట యిచ్చెను.

ఇది ప్రభుత్వప్రచారమే యని పూర్వపక్షము. ఆ వాదము నిరాధారము గాదు. 'సజీవ వార్తాపత్రిక' లనఁబడిన ప్రదర్శనములందు నాటి వార్తలే యితివృత్తములు. 1937లోఁ బ్రదర్శింపఁబడిన 'పవర్' అను నాటకము విద్యుచ్ఛక్తి నమ్ము సంస్థల నధిక్షేపించి, టెనెస్సీ లోయయందుఁ బ్రభుత్వము చేపట్టిన విద్యుత్పథకమును సమర్థించెను. పోషకుని పక్షము వహించిన దోష మిందుఁ గలదని యొప్పుకొనవలసినదే.

కాని ప్రచారము పలుకుటయందే కాక, పలుకనీయకుండుటయందును గలదు. 1936 జనవరిలో నిథియోపియాపై ఇటలీ దండయాత్రను జూపు 'ఇథియోపియా' సిద్ధముకాఁగా, పరదేశాధినేతలను రంగమున జూపరాదను నాజ్ఞ వచ్చెను. న్యూయార్కు శాఖాధిపతి ఎల్మర్ రైసు పదవిని విడిచెను. నాటకము ప్రజలయెదుట నాడఁబడలేదు. 1937 జూనులో, ఉక్కు కార్మికుల సంఘమును గూర్చిన 'ది క్రేడిల్ విల్ రాక్' ప్రథమప్రదర్శనమునకు ముందు, ధనము తగ్గెనను కారణమున క్రొత్త ప్రదర్శనములన్నియు నిలిపివేయఁబడెను. ఆర్సన్ వెల్సు, జాన్ హౌస్‌మన్ ప్రేక్షకులను వేఱొక నాటకశాలకుఁ గొనిపోయిరి. రచయిత బ్లిట్జ్‌స్టీన్ రంగముపైఁ బియానో వాయింపఁగా, రంగమెక్కరాదని తమ సంఘముచే నిషేధింపఁబడిన నటులు ప్రేక్షకుల నడుమనుండియే పాత్రలఁ బలికిరి.

స్తుతి వినఁబడును గనుక ప్రేక్షకుఁడు దానికిఁ బ్రత్యుత్తర మీయఁగలఁడు. ఆడఁబడని నాటకమునకుఁ బ్రత్యుత్తరము లేదు. కావున రెండవ దోషమే గురుతరమని నా మతము.

మన శాస్త్రమున నుపదేశము దోషము గాదు. మమ్మటుఁడు దానిని కావ్యప్రయోజనములలోఁ జేర్చి, కాంతాసమ్మితముగా నుండవలెననెను. ప్రభుసమ్మితమైన వాక్యము శాసనము. అందుఁ బ్రతివాదమునకుఁ దావు లేదు. ఈ గీటురాతిపై నొరసిచూచిన 'పవర్' కొంత ప్రభుసమ్మితము. 1938 నాఁటి 'వన్ థర్డ్ ఆఫ్ ఎ నేషన్' అట్టిది కాదు. దాని పేరు అధ్యక్షుఁడు రూజ్వెల్టు 1937లోఁ జేసిన ప్రసంగమునుండి గైకొనఁబడినదే. అయినను, పేదల యిండ్ల దుస్థితిని జూపి, ప్రభుత్వము చేసినది చాలదని యా ప్రభుత్వధనముతోనే చెప్పెను. పోషకుని యన్నము దిని పోషకునకు లోపము చూపుట సుహృద్ధర్మము.

ఇట్టి వివేచన మెవరును జేయరైరి. 1938లో మార్టిన్ డైస్ అధ్యక్షతను విచారణసంఘ మేర్పడెను. అందొక సభ్యుఁడు, పదునాఱవ శతాబ్దపు నాటకకర్తయైన మార్లో కమ్యూనిస్టా యని ఫ్లానగన్ నడిగెను! హార్లెమునందు నీగ్రో నటులు 1936లో నాడిన 'మాక్బెత్', బాలుర నాటకములు, సర్కసులు మొదలగునవి యెన్నియో యుండఁగా, కొన్ని ప్రదర్శనముల నెపమున 1939 జూన్ 30న ప్రాజెక్టంతయు నంతరించెను. వేలకొలఁది నటుల భోజన మొక్క దినమున నిలిచెను.

కఱవుకాలమున నటులకు రాజధనము దోషము గాదు. వేతన మొసఁగు చేయియు నాటకము నాపు చేయియు నొక్కటి యగుట దోషము. అచట శాఖాధికారులును జర్జరమునే పట్టిరి, శాసనసభ్యులును జర్జరమునే పట్టిరి. బ్రహ్మవలె సమాధానము చెప్పువాఁడు లేకపోయెను. విజ్ఞులు విచారింతురుగాక.