ఎస్సై గ్రౌండు, సీఏ కుర్చీ

ఉద్యోగం చేస్తూ పరీక్షలకు చదివే యువతలో రెండు వర్గాలను పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒక వర్గం ఎస్సై పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు. వీళ్లలో ఇప్పటికే కానిస్టేబుల్ డ్యూటీ చేస్తున్నవాళ్లున్నారు, ప్రైవేటు కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు. రెండో వర్గం ఆర్టికల్స్ (సీఏ కోర్సులో భాగమైన శిక్షణ) పూర్తిచేసి, సీఏ ఫైనల్లో ఒక గ్రూపో రెండు గ్రూపులో మిగిలిపోయి, ఇంటి అవసరాల కోసం ఆడిట్ ఆఫీసుల్లోనో కంపెనీల అకౌంట్స్ సెక్షన్లలోనో చేరిపోయినవాళ్లు. వయసు ఇంచుమించు ఒకటే. రెండిళ్లలోనూ అడిగే ప్రశ్న ఒకటే: ఈసారైనా అయిపోతుందా? ఇద్దరూ పొద్దున ఐదింటికే లేస్తారు. ఒకరు బూట్లు వేసుకుని గ్రౌండుకు పోతారు, ఇంకొకరు టీ కాచుకుని పుస్తకం ముందు కూర్చుంటారు. దీనికి కారణం మనుషుల క్రమశిక్షణలోని తేడా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పరీక్ష ఏది అడిగితే మనిషి అది చేస్తున్నాడు, అడగనిదాన్ని వదిలేస్తున్నాడు. కాబట్టి విమర్శించాల్సింది ముందుగా ఆ రెండు పరీక్షలను.

ఎస్సై పరీక్ష ఏమడుగుతుందో చాలా స్పష్టంగా చెబుతుంది. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. పురుషులు 4 మీటర్ల లాంగ్‌జంప్ దూకాలి, 7.26 కిలోల షాట్‌పుట్‌ను 6 మీటర్ల దూరం వేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు అదే 1600 మీటర్లకు 8 నిమిషాల గడువు. 400 మీటర్ల ట్రాక్ మీద ఇది నాలుగు ల్యాపులు. తెలంగాణ అభ్యర్థికి ల్యాపుకు సగటున 109 సెకన్లు కూడా దొరకవు. మొదటి ల్యాపును ఉత్సాహం కొద్దీ 85 సెకన్లలో కొట్టినవాడు మూడో ల్యాపులో కాళ్లు బిగుసుకుపోయి నడకలోకి దిగడం ప్రతి గ్రౌండులోనూ కనిపిస్తుంది. నెల రోజులు పరుగెత్తాక వాళ్లకు ఒక విషయం ఒంటికే అర్థమవుతుంది: శక్తిని ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ దాచుకోవాలో. మూడు గంటల రాత పరీక్షకు కూడా పనికొచ్చే ఈ తెలివి వాళ్లకు ట్రాక్ మీదే వస్తోంది.

సీఏ ఫైనల్ అడిగేది కాగితం మీద మాత్రమే కనిపిస్తుంది. ప్రతి పేపర్లో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. 2023 జూలైలో వచ్చిన కొత్త స్కీమ్‌లో మొత్తం ఆరు పేపర్లు, గ్రూపుకు మూడు. ఒళ్లు ఎలా ఉండాలో ఎక్కడా రాసి లేదు. కానీ పరీక్ష జరిగే తీరు చూడండి. మధ్యాహ్నం 2 గంటలకు మొదలై 5 దాకా నడుస్తుంది. ఆరో పేపర్ ఓపెన్ బుక్, నాలుగు గంటలు. మధ్యాహ్నం 2 అంటే తిన్న అన్నానికి కళ్లు మూతలు పడే వేళ. కొన్ని మార్కులకు బిట్లున్నా ఎక్కువ భాగం చేత్తో రాయాల్సిందే. ఏడాదంతా కీబోర్డు మీద పనిచేసిన వేళ్లు ఆ మూడు గంటలు ఆపకుండా పెన్ను పట్టుకోవాలి. రెండో గంటలో మెడ పట్టేస్తుంది, మణికట్టు లాగుతుంది, చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అక్షరం చెదిరిపోతుంది. పేపర్‌కూ పేపర్‌కూ మధ్య ఒకట్రెండు రోజులే ఉంటాయి కాబట్టి ఆ అలసట ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. సీఏ కూడా శరీరాన్ని పరీక్షిస్తుందని నేననేది ఇందుకే. ఎస్సై బోర్డు ఆ మాట నోటిఫికేషన్లో చెప్పి పరీక్షిస్తుంది, ఇక్కడ చెప్పకుండా పరీక్షిస్తారు. చెప్పలేదు కాబట్టి అభ్యర్థి సిద్ధపడడు.

సీఏ వాళ్ల నోట ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ఈ అటెంప్ట్ అయిపోనీ, తర్వాత జిమ్‌లో చేరతా." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2025 నుంచి ఫైనల్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి: జనవరి, మే, సెప్టెంబర్. ఉద్యోగం చేసేవాడికి ఈ మూడూ ఎక్కడ పడుతున్నాయో గమనించండి. ఏప్రిల్లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లు, ఆ వెంటనే మే అటెంప్ట్. సెప్టెంబర్ 30 సాధారణంగా టాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువు, ఆ నెల మొదట్లోనే పరీక్ష. డిసెంబర్ 31కి జీఎస్టీ వార్షిక రిటర్నులు, ఆలస్యమైన ఆదాయపు పన్ను రిటర్నులు, ఆ వెనకే జనవరి అటెంప్ట్. అంటే పరీక్షకు ముందరి నెల ప్రతిసారీ ఆఫీసులో రద్దీగా ఉండే నెలే. ఆ నెల దాటాక పరీక్ష, పరీక్ష దాటాక ఫలితం కోసం ఎదురుచూపు, ఫలితం వచ్చేసరికి తర్వాతి అటెంప్ట్ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. 'అయిపోయాక' అనే కాలం ఈ క్యాలెండర్లో అసలు లేదు. అవకాశాలు పెరిగినందుకు నేనూ సంతోషిస్తాను. ఒక గ్రూపు కోసం ఆరు నెలలు ఆగాల్సిన పని తప్పింది. కానీ విశ్రాంతిగా ఉండే నెలలు తగ్గిపోయాయని ఉద్యోగస్తులకు ఎవరో ఒకరు చెప్పాలి.

మరి సమయం నిజంగా లేదా? వారానికి 168 గంటలు. ఉద్యోగానికి 50, రాకపోకలకు 12, రోజుకు 7 గంటల చొప్పున నిద్రకు 49, చదువుకు 20 తీసేసినా 37 గంటలు మిగులుతాయి. తిండి, స్నానం, ఇంటి పనులు అందులోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా అందులో సగం సమయం గట్టి వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాలకు పని. కనీసపు 150 నిమిషాలంటే రెండున్నర గంటలు. మిగిలిన 37లో ఇది దొరకదని ఎవరైనా అంటే, గంటల లెక్క వరకు నేను నమ్మను. దొరకనిది గంట కాదు, గంటకు ఒక కచ్చితమైన చోటు. ఎస్సై అభ్యర్థికి ఆ చోటుంది. ఐదున్నరకు గ్రౌండులో నలుగురు తోటివాళ్లు ఎదురుచూస్తుంటారు, ఒకరి చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది, రాకపోతే ఫోన్ చేస్తారు. సీఏ అభ్యర్థి ఒంటరిగా, గదిలో, రికార్డెడ్ క్లాసుతో ఉంటాడు. అతను నడకకు వెళ్లకపోతే ఎవరికీ తెలియదు.

ఇంతవరకు చదివితే నేను ఎస్సై పక్షం తీసుకున్నట్టుంటుంది. కొంతవరకు నిజమే. ఐతే దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడా సమతూకం కనిపించదు. తెలంగాణలో పైన చెప్పిన 2022 నోటిఫికేషన్ విడత ప్రిలిమ్స్ ఆ ఏడాది ఆగస్టు 7న జరిగింది. ఈవెంట్స్, అంటే పరుగు, జంపు, షాట్‌పుట్ పరీక్షలు, డిసెంబర్లో మొదలయ్యాయి. ఎస్సై మెయిన్స్ 2023 ఏప్రిల్లో జరిగాయి. ఎక్కువమంది చేసిందేమిటంటే, ఆగస్టు దాకా పుస్తకం, ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా గ్రౌండు, ఈవెంట్స్ గట్టెక్కగానే బూట్లు మూలన పెట్టి మళ్లీ పుస్తకం. ఇది చదువునూ వ్యాయామాన్నీ కలిపి నడపడం కాదు, ఒకదాని తర్వాత ఒకటి చేయడం. ప్రిలిమ్స్ అయ్యేదాకా పరుగు జోలికి పోనివాడు ఒక్కసారిగా రోజూ పరుగెత్తడం మొదలుపెడితే గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి గాని, ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు అంత త్వరగా సర్దుకోవు. అందుకే నెల తిరక్కుండానే మోకాలి కింద ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. గ్రౌండు భాషలో 'షిన్ పెయిన్' అనేది అదే. స్ప్రే కొట్టుకుని, పట్టీ కట్టుకుని పరుగెత్తుతారు. అటు చదువూ సాగదు.

ఈ తొందర ఎంత దూరం పోగలదో 2024లో ఝార్ఖండ్ చూపించింది. ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 10 కిలోమీటర్లను గంటలో పరుగెత్తాల్సి ఉండగా, ఆ ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఎండ, ఉక్కపోత, ఏర్పాట్ల మీద చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. నాకు మాత్రం ఇంకో విషయం కూడా బాధ కలిగిస్తుంది. శరీరాన్ని ఒక రోజు గడియారంతో కొలిచి వదిలేసే పద్ధతిలో ఏడాది పొడవునా సాధన చేసినవాడికీ, నలభై రోజుల్లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాడికీ కాగితం మీద తేడా ఉండదు. గీత దాటే క్షణంలో మాత్రమే ఆ తేడా బయటపడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పటికే కానిస్టేబుల్‌గా ఉన్నవాళ్ల స్థితి ఇంకా కష్టం. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ పరుగు పరుగెత్తినవాళ్లే. తర్వాత బందోబస్తులు, నైట్ డ్యూటీలు, వేళ కాని వేళ భోజనం. ఐదారేళ్లకు ఎస్సై నోటిఫికేషన్ పడేసరికి ఆ పాత ఒళ్లు ఉండదు. రాత్రంతా డ్యూటీ చేసి తెల్లవారి గ్రౌండుకు పోయేవాళ్లను మెచ్చుకుంటూ మాట్లాడతాం గాని, అది మెచ్చుకోదగ్గ పని కాదు. నైట్ దిగిన రోజు పరుగు మానేసి పడుకోవడమే సరైన సాధన. చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికీ, పరుగుకు అలసిన కండరం కోలుకోవడానికీ రెంటికీ నిద్రే ఆధారం. ఎస్సై అభ్యర్థి, సీఏ అభ్యర్థి ఇద్దరూ ఒకేలా చేసే తప్పు కూడా ఇక్కడే ఉంది: రోజు చాలనప్పుడు ఇద్దరూ మొదట కోసేది నిద్రనే. అరగంట నడక కోసం అరగంట నిద్ర వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. ఫోనులో పోయే అరగంటను వదులుకోమంటాను.

వ్యాయామం చేస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందని కోచింగ్ ప్రసంగాల్లో తరచు చెబుతుంటారు. దానికి ఆధారంగా ఎక్కువగా వినిపించేది 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం. 120 మంది వృద్ధుల్లో సగం మందితో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడక చేయించారు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ పరిమాణం నడిచినవాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది. మంచి అధ్యయనమే. కానీ అది వృద్ధుల మీద, ఏడాది పొడవున జరిగింది. పాతికేళ్లవాడు ఆరు వారాలు పరుగెత్తితే అకౌంటింగ్ స్టాండర్డ్స్ గుర్తుంటాయని దానినుంచి తేల్చలేం. వ్యాయామాన్ని మార్కులు తెచ్చే సాధనంగా అమ్మితే, మార్కులు రాని రోజున దాన్ని మానేస్తారు. నాకు తెలిసిన కారణాలు ఇంతకన్నా చిన్నవి, నమ్మదగినవి: నడిచిన రోజు రాత్రి నిద్ర పడుతుంది, నడుం నొప్పి తగ్గుతుంది, ఫెయిల్ అన్న మాట వెంటాడే మనసు కాసేపు ఊరట పొందుతుంది.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్సైకి సిద్ధమయ్యే అమ్మాయి చీకట్లో గ్రౌండుకు పోవాలంటే ఇంట్లో ఒప్పుకోవాలి, తోడు ఉండాలి, గ్రౌండులో వెలుతురుండాలి. హైస్కూలు గ్రౌండు లేని ఊళ్లలో అబ్బాయిలు రోడ్డు వార పరుగెత్తుతారు, లారీల మధ్య అదీ ప్రమాదమే. అమ్మాయికి ఆ దారి కూడా లేదు. ఐనా నోటిఫికేషన్లో 800 మీటర్లు అని రాసి ఉండడం వల్ల ఎన్నో ఇళ్లలో అమ్మాయి పరుగుకు ఒక హక్కు వచ్చింది. "పరీక్షకమ్మా" అంటే తల్లి కాదనలేదు. అదే ఇంట్లో సీఏ చదివే అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం నడకకు పోతానంటే, "చదువుకునే టైములో షికార్లేంటి" అన్న మాట వస్తుంది. ఎస్సై పరీక్ష చేసిన మేళ్లలో అమ్మాయి పరుగుకు వచ్చిన ఈ హక్కును నేను అన్నిటికన్నా ముందు పెడతాను.

ఒకరి దగ్గర రెండోవాళ్లు తీసుకోవాల్సినవి ఉన్నాయి. సీఏ వాళ్లు గ్రౌండు నుంచి తీసుకోవాల్సింది వేళ, తోడు, కొలత. ఒకే ఆఫీసులో ముగ్గురు రాస్తుంటే ఆ ముగ్గురూ వారానికి మూడు సాయంత్రాలు కలిసి నడవొచ్చు. ఎస్సై వాళ్లు సీఏ వాళ్ల నుంచి తీసుకోవాల్సింది సిలబస్‌ను నెలల మీద పరచుకునే అలవాటు. ప్రిలిమ్స్ చదివే రోజుల్లోనే వారానికి మూడుసార్లు మెల్లగా రెండు మూడు కిలోమీటర్లు పరుగెత్తేవాడికి ఈవెంట్స్ నెలల్లో కొత్తగా చేయాల్సింది వేగం ఒక్కటే. మెయిన్స్ చదివేటప్పుడు వారానికి రెండు పరుగులు ఉంచుకున్నా ఆ శ్రమ వృథా పోదు. సెప్టెంబర్ అటెంప్ట్ రాసే ఉద్యోగి జూన్‌లో నడక మొదలుపెట్టి, ఆగస్టులో దాన్ని సగానికి తగ్గించవచ్చు గాని ఆపకూడదు. మాక్ టెస్టులు ఆదివారం పొద్దున కాకుండా మధ్యాహ్నం 2 గంటలకే, చేత్తో, మూడు గంటలూ లేవకుండా రాయాలి. పేపర్‌కూ పేపర్‌కూ మధ్య రోజున సాయంత్రం అరగంట నడిచి, రివిజన్ మిగిలి ఉన్నా పదిన్నరకు పడుకోవాలి.