భీమిలిలో సూర్యాస్తమయం

నా మొదటి నవల పదకొండో ప్రకరణంలో నాయిక భీమిలి ఒడ్డున నిలబడి, ఎర్రటి సూర్యబింబం సముద్రంలో మునిగిపోతుంటే చూస్తూ కన్నీరు పెట్టుకుంటుంది. ఆ పుట నాకు చాలా ఇష్టంగా ఉండేది. పాఠకురాళ్ళు కూడా బాగుందనే రాశారు. ఒక్క పెద్దాయన మాత్రం కార్డు ముక్క పడేశారు. "అమ్మా, మీ నవల చదివాను. నేను భీమిలిలో పుట్టి డెబ్భై ఏళ్ళు దాటింది. ఇక్కడ సూర్యుడు రోజూ సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి పోతున్నాడు. మీ నాయిక చూసిన రోజున నేను ఊళ్ళో లేను కాబోలు."

ఆ కార్డు చాలా రోజులు బియ్యం డబ్బా కింద దాచాను. తర్వాత ఉక్రోషం వచ్చింది. నేనొక్కదాన్నేనా అని ఇంట్లో ఉన్న నవలలూ, పాత వారపత్రికల బౌండు పుస్తకాలూ దింపి, సముద్రం వచ్చిన చోటల్లా కాగితం ముక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. నాకు తోడు చాలామందే ఉన్నారు. పేర్లు చెప్పను. రేపు సభల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా! ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరమంతా తూర్పుముఖంగానే ఉంది. ఏ ఇసుకతిన్నె మలుపులోనో తప్ప మన వైపు సూర్యుడికి సముద్రంలో అస్తమించే అవకాశం లేదు. అయినా మన నవలల్లో ఆయన దాదాపు ప్రతి శుక్రవారం సీరియల్లో అస్తమిస్తూనే ఉన్నాడు.

సూర్యుడి సంగతి చిన్నదే. పెద్ద తప్పు అదే ప్రకరణంలో ఇంకోటి ఉంది. అది మాస్టారు పట్టుకోలేదో, ఆడపిల్ల కదా అని దయతలచి వదిలేశారో తెలీదు. మా నాయిక మధ్యాహ్నం మూడింటికి విశాఖలో ఇంట్లోంచి కోపంగా బయటికొచ్చి, ఒడ్డు వెంట "నడుచుకుంటూ నడుచుకుంటూ" భీమిలి చేరి, ఏడ్చి, రాత్రి భోజనాలకి ఇంట్లో ఉంటుంది. విశాఖకీ భీమిలికీ మధ్య దాదాపు 25 కిలోమీటర్లు. ఇసుకలో గంటకి మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పైగా కట్టుకున్నది పట్టుచీర అని కూడా రాశాను.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మన రచనల్లో సముద్రం ఉంటుంది గానీ దాని పక్కన దారి ఉండదు. వెనకాల కట్టిన పరదా అది. పాత్రలు ఎలా వచ్చారో తెలీదు, వచ్చి నిలబడతారు. గాలికి ముంగురులు ఎగురుతాయి. పాదాలకి కెరటం తగులుతుంది. ఇసుక చెప్పులో దూరి మడమ ఒరుసుకుపోవడం అనేది తెలుగు నవలలో నాకింతవరకూ కనపడలేదు. 'మరోచరిత్ర' సినిమా 1978లో వచ్చాక భీమిలి తీరమంటే ప్రేమికులు చేతులు పట్టుకుని పరుగెత్తే చోటని స్థిరపడిపోయింది. పరుగు సినిమాకి బాగుంటుంది. నవలకి నడక కావాలి.

బి.ఏ.లో మాకు జేన్ ఆస్టిన్ 'పర్స్యుయేషన్' పాఠ్యపుస్తకం. ఆవిడ పోయాక, 1817 చివర్లో అచ్చయిన నవల. అందులో లైమ్ అనే సముద్రపుటూరి గోడమీద అందరూ షికారు వెళతారు. పైన గాలి ఎక్కువగా ఉంది, ఆడవాళ్ళకి ఇబ్బందని మెట్లు దిగి కింది వరసలోకి పోదామంటారు. ఆ మెట్ల దగ్గరే లూయిసా అనే పిల్ల దూకి పడి తలకి దెబ్బ తగిలించుకుంటుంది. కథ అంతా అక్కడినుంచి మలుపు తిరుగుతుంది. ఆ గాలి వీచకపోతే వాళ్ళు మెట్లు దిగరు, దిగకపోతే నవల లేదు. సముద్రం మీద ఆవిడ పెద్దగా వర్ణనలేం గుప్పించలేదు. ఎవరు ఎవరి పక్కన నడిచారు, ఎవరు అలిసిపోయారు అన్నదే చూసుకుంది. పరీక్షకి ఇదంతా బట్టీ పట్టి ఫస్టుక్లాసు మార్కులు తెచ్చుకున్న నేనే పదేళ్ళ తర్వాత భీమిలిలో సూర్యుణ్ణి ముంచాను!

సరే, తప్పు దిద్దుకుందామని పోయిన మాఘమాసంలో విశాఖలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. వెళ్ళేముందు దారి తెలుసుకుందామని టూరిస్టు పుస్తకాలు కొన్ని తిరగేశాను. ఒక్కదాంట్లోనైనా దారి ఉంటేనా! అన్నీ "చూడదగ్గ స్థలాలు". రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఒక్కోదానికి ఒక్కో "కనువిందు", ఒక్కో "ప్రకృతి శోభ", చివర కిలోమీటర్ల అంకె. ఒక చోటునుంచి రెండో చోటుకి మధ్య ఏముంది? కారు ఉంది. కారులో కూర్చున్న మనిషికి మధ్యలో ఏముంటే ఏం, లేకపోతే ఏం?

ఈ పుస్తకాలు రాసేవాళ్ళు ఒకసారి ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చదివితే బాగుండును. ఆయన 1830లో మద్రాసునుంచి బయల్దేరి, కాశీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా మన ఉత్తరాంధ్ర జిల్లాల గుండా 1831లో ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి సత్రం ఉందా, దారి ఎలాంటిది – ఇదీ ఆయన ధోరణి. శోభ తక్కువ, నీళ్ళ సంగతి ఎక్కువ. నిజం చెప్పాలంటే ఆయన పల్లకీలో వెళ్ళారు, నడిచింది బోయీలు. అయినా దారి ఆయన లెక్కలోంచి తప్పిపోలేదు. ఆ పుస్తకం పట్టుకుని ఈనాటికీ మనిషి బయల్దేరవచ్చుననిపిస్తుంది. మన రంగుల పుస్తకాలు పట్టుకుని బయల్దేరితే టాక్సీ స్టాండు దాకా వెళ్ళగలం.

"వదినా, నలభై దాటాక ఈ సరదా ఏమిటి?" అంటూనే మా ఆడపడుచు తోడొచ్చింది. తెల్లవారుజామున బస్సులో వెళ్ళి తొట్లకొండ ఎక్కాం. ఎత్తు 128 మీటర్లే, కానీ ఆయాసం నిజమైనదే. ఈ కొండమీద బౌద్ధారామం ఉందని 1976లో నౌకాదళం వారు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 వరకు తవ్వారు. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాన నీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకి పేరయ్యాయి. సముద్రం పక్కనే ఉండి తాగే నీళ్ళకోసం రాయి తొలుచుకున్న భిక్షువుల్ని తలుచుకుంటే, టూరిస్టు పుస్తకంలో "మనోహర దృశ్యం" అన్నమాట మరీ పలచగా కనిపించింది. వాళ్ళ దృష్టి కూడా ముందు నీళ్ళమీదే మరి!

కొండ దిగి కొంతదూరం రోడ్డు పట్టుకుని, నౌకాదళం వారి ప్రాంతం దాటాక ఇసుకలోకి దిగాం. అప్పుడు తెలిసింది, ఒడ్డున నడవడానికి ఒక శాస్త్రం ఉందని. పొడి ఇసుకలో అడుగు వెనక్కి పోతుంది. మరీ నీళ్ళ అంచున కాలు కూరుకుంటుంది. కెరటం వచ్చి వెళ్ళి, ఆరీ ఆరని చారమీద నడవాలి. ఆ చార గంటగంటకీ జరుగుతూ ఉంటుంది.

ఒకచోట గెడ్డ అడ్డం వచ్చింది. చీరలు ఎగదోపుకుని దిగబోతుంటే, వెనకనుంచి తలమీద చేపల బుట్టతో వస్తున్న ఒకావిడ కేకేసింది.

"ఓలమ్మా, ఇప్పుడు దిగకండి! పోటు మీదుంది. కాసేపు కూకోండి, తగ్గిపోద్ది."

కూర్చున్నాం. ఆవిడా బుట్ట దించి కూర్చుంది. "ఏటమ్మా, ఆటో దొరకనేదా?" అని అడిగింది. సరదాకి నడుస్తున్నామని మా ఆడపడుచు చెప్పింది. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "సరదాకా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళయిన ఏడాదినుంచీ ఈ దారేనట. వెన్నెల రోజుల్లో పోటు ఎంతెక్కుతుంది, ఏ నెలలో ఒడ్డు కోసుకుపోతుంది, ఎక్కడ మంచినీళ్ళ బావుంది, ఏ తోట కాపలావాడు గేటు తియ్యడు – అన్నీ నోటికే. "ఇదివరకు తిన్నగా ఎల్పోయేవోళ్ళం. ఇప్పుడు గోడలు కట్టేసినారు. సుట్టు తిరగాల," అంది. రిసార్టు గోడ ఒకటి చుట్టు తిరగడానికి బుట్టతో ఎంతసేపు పడుతుందో కూడా చెప్పింది. నేను చదివిన పుస్తకాలేవీ ఆ మాట చెప్పలేదు. నేను రాసిన పుస్తకాల సంగతి సరేసరి. నా నవలలో ఒడ్డున బుట్టలతో నడిచే ఆడవాళ్ళు ఒకే ఒక్క వాక్యంలో వచ్చి, "నల్లని బొమ్మల్లా" దూరంగా వెళ్ళిపోతారు. దగ్గరికి వస్తే బహుశా నా నాయికకి పోటు సంగతి చెప్పేవాళ్ళు.

గెడ్డ దాటి ఎర్రమట్టి దిబ్బలు చేరేసరికి ఎండెక్కింది. పేరుకి మట్టి గానీ అదీ ఇసుకే. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాననీళ్ళు కోసి గండ్లు చేశాయి. లోపలికి దిగితే సముద్రం హోరు హఠాత్తుగా ఆగిపోతుంది. మనిషి గొంతు పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. పాటలు తీయడానికి వచ్చిన సినిమావాళ్ళెవరూ ఈ నిశ్శబ్దాన్ని తీసుకెళ్ళినట్టు లేదు, తీసుకెళ్ళినా దానిమీద వయొలిన్లు పెట్టి ఉంటారు. 2014లో దీన్ని భూవారసత్వ స్థలమని ప్రకటించారు. 2024లో దిబ్బల దగ్గర నేల చదును చేస్తున్నారని పత్రికల్లో గొడవ వచ్చింది. గండి అంచున అరచెయ్యి ఆనిస్తే ఎర్రగా రాలి పడింది. అంత మెత్తని వస్తువు. యంత్రం దాకా అక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు.

భీమిలి చేరేసరికి మూడయింది. డచ్చివారి సమాధుల దగ్గర గోడనీడలో కూర్చుని పులిహోర తిన్నాం. సాయంత్రం గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి, నా నాయిక నిలబడిన చోట అని నేననుకున్న చోట నిలబడ్డాను. సూర్యుడు మాస్టారు చెప్పినట్టే వీపు వెనక కొండల్లోకి దిగాడు. నా నీడ సాగి సాగి నీళ్ళలోకి వెళ్ళింది. ఒడ్డు చీకటిపడినా దూరపు కెరటాల మీద ఇంకా వెలుగుంది. అది కూడా ఆరిపోయాక, ఆ రోజు పున్నమి కనుక, సముద్రంలోంచి చంద్రుడు వచ్చాడు. పెద్దగా, కొంచెం మసకగా, కుంకుమరంగులో. ఉన్న చంద్రుణ్ణి వదిలేసి లేని సూర్యుడి కోసం ఇన్నేళ్ళూ ఇంతమందిమి కాగితాలు ఖర్చు చేశాం!

ఇంటికొచ్చి ఆ నవల రెండో ముద్రణ ప్రూఫులు ముందేసుకున్నాను. విశాఖనుంచి నడకని కొట్టేసి, నాయికని బస్సెక్కించాను. పట్టుచీర మార్చాను. చేపల బుట్టావిడని దగ్గరికి పిలిపించాను. సూర్యుణ్ణి తీసేసి చంద్రుణ్ణి పెడదామని కలం ఎత్తేసరికి గుర్తొచ్చింది, పదో ప్రకరణం దీపావళి. మతాబులూ, చిచ్చుబుడ్లూ ఆరు పేజీలు. మర్నాడే నాయిక భీమిలి వెళుతుంది. అమావాస్య మర్నాడు పున్నమి ఎక్కడినుంచి తేను? ప్రూఫులు ఇంకా బల్లమీదే ఉన్నాయి. ఈ వారం మాస్టారికి కార్డు రాశాను, అమావాస్య వెళ్ళిన మర్నాటి సాయంత్రం భీమిలి ఒడ్డున ఏం కనపడుతుందో చెప్పమని.