సమ్మతి యెవరిది? — అమెరికా సమాఖ్య వ్యాసములపై విమర్శ

రాజ్యాంగ గ్రంథములు గృహస్థులు చదువదగినవి కావనియు, అవి న్యాయవాదులకును శాసనసభ్యులకును మాత్రమే చెందినవనియు మనలో నొక యభిప్రాయము పాతుకొనియున్నది. ఆ యభిప్రాయమునకు చక్కని ఖండనము ‘ఫెడరలిస్టు’ అను వ్యాససంపుటి. అది పండితులకై వ్రాయబడిన శాస్త్రము కాదు. 1787 అక్టోబరు మొదలుకొని న్యూయార్కు వార్తాపత్రికలలో వెలువడిన వ్యాసమాల. క్రొత్త రాజ్యాంగమును అంగీకరింతమా, త్రోసివేయుదమా యని సామాన్య పౌరులు తేల్చుకొనుటకై అది పుట్టినది. మొత్తము 85 వ్యాసములు. అలెగ్జాండరు హామిల్టను, జేమ్సు మాడిసను, జాన్ జే అను మువ్వురు ‘పబ్లియసు’ అను నొక్క మారుపేరుతో వానిని వ్రాసిరి. మన మాసపత్రికలు సంఘసంస్కరణమునకు గద్యమును సాధనముగా గొన్నట్లే వారు రాజ్యనిర్మాణమునకు దానిని సాధనముగా గొనిరి. కావున ఈ వ్యాసముల గుణదోషములను విచారించి, వానిని మన తెలుగునాటి యనుభవముతో, అందును అనకాపల్లి వంటి యొక పట్టణపు అనుభవముతో పోల్చి చూడ దలచితిమి.

ముందుగా సందర్భము. బ్రిటిషువారి పాలనను త్రోసిపుచ్చిన 13 రాష్ట్రములు 1781లో నొక కూటమి నిబంధనపత్రమును అమలునకు తెచ్చుకొన్నవి. దానిక్రింద ఏర్పడిన కాంగ్రెసునకు పన్ను వేయు నధికారము లేదు. సైన్యమునకు జీతములు కావలెనన్నను, యుద్ధపుటప్పు తీర్చవలెనన్నను, రాష్ట్రములను యాచింపవలసినదే. నిబంధనపత్రమును సవరింపవలెనన్న 13 రాష్ట్రములును ఒప్పుకొనవలెను. ఒక యింట పదుముగ్గురు అన్నదమ్ములుండి, ఎవరి పెట్టె తాళము వారి మొలకు కట్టుకొని, ఇంటి ఖర్చు మాత్రము పెద్దవాడు చూడవలెనన్నచో ఆ సంసారము సాగునా? 1786లో మసాచుసెట్సు రైతులు అప్పుల బాధకు తాళలేక తిరుగబడినప్పుడు ఈ కూటమి బలహీనత లోకమునకు తెల్లమైనది. మరుసటి సంవత్సరము మే నెలలో ఫిలడెల్ఫియాలో సభ కూడినది. రోడ్ ఐలండు దక్క తక్కిన 12 రాష్ట్రములనుండి 55 మంది ప్రతినిధులు హాజరైరి. జార్జి వాషింగ్టను అధ్యక్షుడు. సెప్టెంబరు 17వ తేదీన 39 మంది క్రొత్త రాజ్యాంగముపై చేవ్రాలు చేసిరి.

ఈ రాజ్యాంగపు కీలకమును హామిల్టను 15వ వ్యాసమున పట్టి చూపినాడు. పాత కూటమి రాష్ట్రములను మాత్రమే శాసింప జూచినది; క్రొత్త ప్రభుత్వము పౌరుని నేరుగా శాసించును. అనకాపల్లి బెల్లపు బజారులోని వర్తకుని జూచినచో ఈ సూక్ష్మము మనకు సులభముగా బోధపడును. అతడు ఆదాయపు పన్ను కేంద్రమునకును, వృత్తిపన్ను రాష్ట్రమునకును చెల్లించును. ఒకే మనిషిపై రెండు ప్రభుత్వములు, ఒకదాని ననుమతి మరియొకటి కోరకయే, తమతమ హద్దులలో పని చేయుచున్నవి. సమాఖ్య యనగా నిదియే. మాడిసను 39వ వ్యాసమున ఈ నిర్మాణము పూర్తిగా జాతీయమును కాదు, పూర్తిగా రాష్ట్రకూటమియు కాదు, రెండింటి మిశ్రమమని విప్పి చెప్పినాడు. 51వ వ్యాసమున మరియొక మెట్టెక్కి, ప్రజలిచ్చిన యధికారమును ముందు రెండు ప్రభుత్వములకు పంచి, పిదప ఒక్కొక్కదానిలో మరల శాఖలుగా విభజించినచో ప్రజల హక్కులకు రెండు కావళ్లు ఏర్పడునని వాదించినాడు. పాలకుల సద్గుణముపై నాధారపడక, అధికారమునకు అధికారమునే కాపలా పెట్టవలెననుట ఈ వ్యాసముల ప్రధానబోధ. మంచి దొర వచ్చిన చాలునని కూర్చుండు మన యలవాటునకు ఇది చక్కని మందు.

శైలి విషయమున మేము మెచ్చుకొను గుణమొకటి కలదు. ఈ రచయితలు ఎదిరిపక్షమువారి శంకలను దాచిపెట్టక ముందు చెప్పి పిదప సమాధానమిత్తురు. సెనేటులో ప్రతి రాష్ట్రమునకును, చిన్నదైనను పెద్దదైనను, ఇద్దరేసి సభ్యులుండుట న్యాయమా యను ప్రశ్నకు 62వ వ్యాసమున వచ్చు జవాబు చూడుడు. ఇది సిద్ధాంతమునుండి పుట్టినది కాదు, పరస్పరము లొంగుబాటునుండి పుట్టినదని నిస్సంకోచముగా నొప్పుకొన్నారు. చిన్న రాష్ట్రముల భయమును తీర్చనిదే రాజ్యాంగము పుట్టదు. ఆ భయమును మాటలతో గాక శాసనముతో తీర్చిరి. రాష్ట్రము తాను సమ్మతింపనిదే సెనేటులో దాని సమానత్వమును తీసివేయరాదని అయిదవ అధికరణమునందును, ఒక రాష్ట్రపు భూమిలో దాని శాసనసభ సమ్మతి లేక క్రొత్త రాష్ట్రము నిర్మింపరాదని నాలుగవ అధికరణమునందును వ్రాసిరి. 1820లో మెయిన్ అను రాష్ట్రము మసాచుసెట్సు సమ్మతితోడనే వేరుపడినది.

ఇక దోషములు. మొదటిది, పౌరుల హక్కుల పట్టికను రాజ్యాంగమున చేర్ప నక్కరలేదని 84వ వ్యాసమున హామిల్టను చేసిన వాదము. చదువుటకు చమత్కారముగా నుండును; ప్రజలు మాత్రము దానిని నమ్మలేదు. 1791లో పది సవరణలు చేర్చవలసి వచ్చినది. ప్రజల భయము రచయితల తర్కముకంటె వివేకవంతమైనదని కాలము తేల్చినది.

రెండవ దోషము ఘోరమైనది. బానిసలకు ఓటు లేదు. కాని ప్రతినిధుల సంఖ్య లెక్కించునప్పుడు ఒక్కొక్క బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కించి, ఆ ఫలమును యజమానుల రాష్ట్రములకు ధారపోసిరి. ఈ నిబంధనను సమర్థింపవలసిన 54వ వ్యాసమున మాడిసను కలము తడబడినది. తక్కిన చోట్ల తన మాటగా చెప్పువాడు, ఇచ్చట వాదమును దక్షిణరాష్ట్రపు వాడొకడు పలికినట్లుగా పరుని నోట పెట్టినాడు. తన నోట పలుకుటకు సిగ్గుపడిన మాటను పరుని నోట పలికించుట గద్యమున గూడ దాగదు. రాష్ట్రముల సమ్మతికై యింత జాగ్రత్తపడినవారు, తమ యిండ్లలో కట్టువడియున్న మనుష్యుల సమ్మతిని అడుగనే లేదు. స్త్రీల సమ్మతియు అడుగలేదు. యుద్ధము జరిగి, లక్షలకొలది ప్రాణములు పోయిన తరువాత గాని 1865లో బానిసత్వము రద్దు కాలేదు. ఓటునందు లింగభేదము 1920 వరకు తొలగలేదు. కావున సమాఖ్యను గూర్చి విచారించు వారెల్లరును మొట్టమొదట వేయవలసిన ప్రశ్న యిది: సమ్మతి యనగా ఎవరి సమ్మతి?

ఈ ప్రశ్నతో మన దేశమునకు వత్తము. మన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినది. మొదటి దినమునుండియే వయోజనులందఱకును, స్త్రీపురుష భేదము లేక, ఓటునిచ్చినది. ఈ విషయమున మనము వారికంటె ముందున్నాము. కాని రాష్ట్రముల విషయమున మన మార్గము వేరు. మన సమాఖ్య రాష్ట్రములు చేసికొన్న ఒడంబడికవలన పుట్టినది కాదని అంబేద్కరు 1948 నవంబరులోనే రాజ్యాంగసభలో స్పష్టముగా చెప్పియుండెను. మూడవ అధికరణము ప్రకారము పార్లమెంటు సామాన్యశాసనముచేతనే రాష్ట్రమును విభజింపవచ్చును, కలుపవచ్చును, హద్దులు మార్పవచ్చును. రాష్ట్ర శాసనసభను అడుగవలసినది అభిప్రాయము మాత్రమే, సమ్మతి కాదు. ఆ యభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడ నక్కరలేదని 1959లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ యధికరణమును ఏకపక్షముగా నిందించుట మాకు సమ్మతము కాదు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ఆత్మార్పణము చేసిన పిదప, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది దీనివలననే. అమెరికా నియమమే మనకుండినచో, మద్రాసు శాసనసభ కాదన్నంతకాలము తెలుగువారు వేచియుండవలసినవారే. కాని యీ మార్గమునకు మరియొక ముఖము కలదు. మనలో మనము చేసికొన్న ఒప్పందములకు శాసనబలము లేకపోయినది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి గృహమైన శ్రీబాగులో కోస్తా నాయకులును రాయలసీమ నాయకులును చేసికొన్న ఒడంబడికను స్మరింపుడు. పెద్దభాగము చిన్నభాగమును మ్రింగివేయునేమో యను భయము అక్కడను ఇక్కడను ఒక్కటే. నదీజలములు, శాసనసభ స్థానములు, రాజధాని, హైకోర్టు అన్నియు అందు చర్చింపబడినవి. దాని ననుసరించి 1953లో కర్నూలు రాజధానియైనది; గుంటూరు హైకోర్టును పొందినది. కాని 1956లో రాజధాని హైదరాబాదునకు తరలినప్పుడు ఆ యొడంబడికను చూపి నిలువరించుటకు వ్రాతలో శాసనమేదియు లేదు. అదే సంవత్సరము తెలంగాణమునకిచ్చిన పెద్దమనుషుల ఒప్పందము గతియు నట్టిదే. ఫిలడెల్ఫియాలో చిన్న రాష్ట్రములు పొందినది శాసనము. మనవారు పొందినది మాట. మాటకును శాసనమునకును గల దూరమునే మన రాష్ట్రము 1969లోను, 1972లోను అల్లరుల రూపమున కొలిచి చూచినది.

2014లో నేమి జరిగినది? జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించెను. ఫిబ్రవరి 18న లోకసభయు, 20న రాజ్యసభయు దానిని ఆమోదించెను. జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించెను. శాసనసభ మాటకు విలువ లేకపోయెనని కోస్తా, సీమల వారు బాధపడిరి. అది సహజమే. కాని తెలంగాణము వారడిగిన ప్రశ్నయు సహజమే: ఎవరినుండి విడిపోదలచితిమో వారే అధికసంఖ్యాకులుగా నున్న సభ సమ్మతిని మేమెట్లు పొందగలము? అమెరికా నియమమునకును ఈ ప్రశ్నకు జవాబు లేదు. 1863లో పశ్చిమ వర్జీనియా విడిపోయినప్పుడు, యుద్ధకాలమున కేంద్రపక్షమువారు నిలిపిన వేరొక వర్జీనియా ప్రభుత్వముచేత సమ్మతి యిప్పించి పని ముగించిరి. మొత్తము సమ్మతి వేరు, భాగము సమ్మతి వేరు. రెండింటిని కలిపి లెక్కించుచోటనే అన్యాయము దాగియుండును.

ఈ మాట పట్టణములయందు మరింత స్పష్టమగును. పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గు నగరమున కెదుట, నదికి ఆవలిగట్టున అలిఘనీ యను పట్టణముండెను. దానిని పిట్స్‌బర్గులో కలుపుటకు 1906లో ఓటు పెట్టిరి. అలిఘనీ పౌరులలో నధికులు వలదనిరి. రెండు నగరముల ఓట్లు కలిపి లెక్కించుటచే వారి మాట మునిగిపోయినది. వారు సుప్రీంకోర్టు కెక్కిరి. పట్టణము రాష్ట్రము చేసిన వస్తువు, రాష్ట్రము దానిని తన యిష్టమువచ్చినట్లు మార్చుకొనవచ్చునని 1907లో తీర్పు వచ్చినది. రెండు కావళ్ల వాదము రాష్ట్రపు వాకిటనే ఆగిపోయినది! రాష్ట్రము లోపలి పట్టణమును గూర్చి ‘ఫెడరలిస్టు’ రచయితలు ఆలోచింపలేదు. ఇది వారి మూడవ దోషము.

అనకాపల్లి కథయు దీనికి సమీపమైనదే. శారదానది యొడ్డున, బెల్లపు వర్తకముతో పేరుగొని, 19వ శతాబ్దమునుండి తన పురపాలక సంఘమును తాను నడుపుకొన్న పట్టణమిది. 2013లో రాష్ట్రప్రభుత్వపు టుత్తరువుచే నిది మహావిశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. అలిఘనీ వారి ఓటు కలిపి లెక్కింపబడినది. పురజనుల ఓటు విడిగా నడుగవలెనను నిబంధనయే మన శాసనమున లేదు. విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికైన వారి గడువు 2012లో ముగిసినది. మరల ఎన్నిక జరిగినది 2021 మార్చి 10న. 1993లో అమలునకు వచ్చిన 74వ సవరణము పురపాలక సంస్థల ఎన్నికలు అయిదేండ్ల గడువు ముగియకముందే జరుగవలెనని శాసించియున్నను, విలీనమైన పిదప ఏడేండ్లకు పైగా అనకాపల్లి వీధుల తరపున మాటాడుటకు ఎన్నికైన సభ్యుడు లేడు. ఇంతలో 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. జిల్లాకు రాజధాని యైన పట్టణము, తన కాలువలకును దీపములకును ప్రక్క జిల్లాలోని నగరపాలక సంస్థ వైపు చూడవలసి వచ్చినది. విలీనమువలన మేలు కలుగదని మేమనము. పెద్ద సంస్థకు పెద్ద నిధులుండును. మేలో కీడో నిర్ణయించు వారిలో ఆ పట్టణము వారుండిరా యనునదే మా ప్రశ్న.

కావున మేము కోరునవి రెండు. ఒక పట్టణమును మరియొకదానిలో కలుపునప్పుడు ఆ పట్టణపు ఓట్లను విడిగా లెక్కించు నియమము శాసనమున నుండవలెను. రాష్ట్రమును విభజించునప్పుడు ఒక్కొక్క భాగపు ప్రతినిధుల అభిప్రాయమును వేఱువేఱుగా ప్రకటించి, పార్లమెంటు దానికి విరుద్ధముగా పోదలచినచో కారణములు వ్రాతమూలకముగా చెప్పవలెను. ఇది భాగమునకు సర్వాధికారమిచ్చుట కాదు. దాని గొంతు మొత్తములో మునిగిపోకుండ కాపాడుట మాత్రమే.

‘ఫెడరలిస్టు’ను గృహస్థులు తప్పక చదువవలెను. పూజించుటకు గాదు, వాదించుటకు. అధికారమును పంచనిదే ప్రజలకు రక్షణ లేదని ఆ మువ్వురు చెప్పినది సత్యము. ఆ పంపకమును వారు రాష్ట్రము దగ్గర నిలిపివేసిరి. పురవీధి వరకు, ఇంటి గడప వరకు కొనిపోవలసిన పని మిగిలియున్నది. అది మన యోటుతోను, మన ప్రశ్నలతోను జరుగవలసిన పని.