ఒక్క రాత్రిలో ఎడమకు

మన ఆర్టీసీ బస్సుకు తలుపు ఎడమవైపే ఎందుకుంటుందని ఎవరూ అడగరు. బండి రోడ్డుకు ఎడమవైపున పోతుంది, దిగేవాళ్లు రోడ్డంచున దిగాలి, అంతే. ఒకినావాలో 1978 జూలై 29 రాత్రి దాకా బస్సుల తలుపులు కుడివైపు ఉండేవి. తెల్లారేసరికి ఎడమవైపుకు వచ్చేశాయి. యుద్ధంలో పోగొట్టుకున్న దీవిని జపాన్ మళ్లీ తన పాలనలోకి తెచ్చుకున్న వైనంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. ఒప్పందం మీద సంతకాలు చేసిన పెద్దల గురించి కావలసినన్ని పుస్తకాలున్నాయి. ఈ తలుపు పని చేసినవాళ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి.

1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు ఒకినావా ప్రధాన దీవిలో దిగాయి. దాదాపు మూడు నెలలు సాగిన ఆ యుద్ధంలో దీవి జనంలో నాలుగోవంతు మంది పోయారని అంచనా. పోరు చల్లారీ చల్లారకముందే సైనిక ట్రక్కులు తమ దేశంలో లాగే కుడివైపున నడిచాయి. దీవికి అదే చట్టమైంది. 1952లో శాంతి ఒప్పందం అమలై జపాన్ తన కాళ్ల మీద నిలబడ్డా, ఒకినావాను మాత్రం అమెరికా తన చేతిలోనే ఉంచుకుంది. 1958 నుంచి అక్కడ డాలరే చెలామణి అయ్యేది. టోక్యోకు చదువుకోడానికి పోయే కుర్రాడు కూడా ప్రయాణ పత్రం చూపించాల్సిందే. ప్రధాని సాతో ఐసాకు, అధ్యక్షుడు నిక్సన్ 1969లో ఒక మాటకు వచ్చారు. 1971 జూన్ 17న సంతకాలయ్యాయి, 1972 మే 15న దీవి తిరిగి జపాన్‌దైంది. అసలు పని అక్కడి నుంచి మొదలైంది.

మొదట డబ్బు సంగతి. 1971 ఆగస్టులో నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న లంకె తెంచేయడంతో దాని విలువ జారిపోసాగింది. అప్పటిదాకా డాలరుకు 360 యెన్లు. ఒకినావా వాళ్ల జీతం, దాచుకున్న సొమ్ము, కూతురి పెళ్లికని పక్కన పెట్టినది అంతా డాలర్లలోనే ఉంది. తేడా సొమ్ము ప్రభుత్వం భరిస్తుందని ముందే ప్రకటిస్తే బయటి డాలర్లు వరదలా వచ్చి పడతాయి. అందుకే దీవి ఉప పాలకుడు మియాజాతో మాత్సుషో, టోక్యోలో మంత్రి యామానాకా సాదానోరి గుట్టుగా మాట్లాడుకుని పథకం వేశారు. అక్టోబరు 8న హఠాత్తుగా ప్రకటన వెలువడింది. మర్నాడు శనివారం, బ్యాంకులు మామూలు లావాదేవీలు ఆపేసి, ఎవరి దగ్గర ఎన్ని డాలర్లున్నాయో లెక్కించి నమోదు చేసుకున్నాయి. ఏడు నెలల తర్వాత మార్పిడి ధర 305 యెన్లుగా ఖరారైంది. నమోదైన సొమ్ముకు మాత్రం డాలరుకు 55 యెన్ల తేడా పరిహారంగా దక్కింది. గుట్టు ఒక్కరోజు ముందు బయటపడినా ఈ పని చెడిపోయేది. ఇంత చేసినా, ధరల పట్టికలను డాలర్ల నుంచి యెన్లలోకి మార్చేటప్పుడు కొందరు వ్యాపారులు అదను చూసి రేట్లు పెంచేశారు. ఆ మొదటి వారాల్లో గృహిణుల గోల అంతా దాని గురించే.

ఇక రోడ్డు. ఒక దేశంలో బళ్లన్నీ ఒకే వైపున నడవాలన్నది 1949 జెనీవా ఒడంబడిక నియమం. జపాన్ దానికి కట్టుబడి ఉంది. కనుక ఒకినావా ఎడమకు మారక తప్పదు. 1975లో అక్కడే మొదలైన సముద్ర ప్రదర్శన కోసం లక్షల మంది వస్తారు కాబట్టి అది ముగిసేదాకా ఆగారు. ఎంచుకున్న రోజు 1978 జూలై 30. ఆదివారం, పైగా పాఠశాలలకు వేసవి సెలవులు. తేదీనే పేరుగా పెట్టి ‘730’ అన్నారు, పలకడం ‘నానా-సాన్-మారు’. చిన్నపిల్లల నోట కూడా నిలిచే పేరు.

రోడ్డు వైపు మార్చడమంటే ఏమేం మారాలో విడదీసి చూస్తే వాళ్ల నేర్పు తెలుస్తుంది. సిగ్నల్ దీపాలు అవతలి మూలకు పోవాలి. బస్‌స్టాపులు ఎదుటి గట్టుకు చేరాలి. కూడళ్లలో ఇన్నాళ్లూ చిన్న మలుపుగా ఉన్న కుడి మలుపు ఇకమీద ఎదురొచ్చే బళ్లను దాటుకుపోయే పెద్ద మలుపవుతుంది. దానికి తగ్గట్టు అంచులు, గీతలు, బాణం గుర్తులు దిద్దాలి. చోదకుడికి కనిపించని చిక్కు హెడ్‌లైట్లది. తగ్గించిన వెలుగు రెండు వైపులా సమానంగా పడదు. గట్టు వైపు కాస్త ఎత్తుకు ఎగసి పాదచారిని చూపిస్తుంది, ఎదురు బండి వైపు కిందికే ఉండిపోతుంది. కుడివైపు నడకకు చేసిన దీపంతో ఎడమవైపు నడిస్తే ఆ ఎత్తు వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కనుక దీవిలోని కార్ల దీపాలు కూడా మార్చాలి. అది ఒక్క రాత్రిలో తెమిలే పని కాదు.

కారుకు స్టీరింగు ఎడమన ఉన్నా ఎలాగో నెట్టుకు రావచ్చు. బస్సుకు కుదరదు, ఎక్కేవాళ్లు నడిరోడ్డున నిలబడాలి. కొన్ని పాత బస్సులకు తలుపు ఇటు నుంచి అటు మార్చారు. మిగతా వాటి బదులు, ప్రభుత్వ సాయంతో దాదాపు 1,000 కొత్త బస్సులు తెప్పించి, ఆ రోజు కోసం ఎదురుచూస్తూ ఆరుబయట వరసగా నిలిపి ఉంచారు.

జూలై 29 రాత్రి 10 గంటలకు అత్యవసర వాహనాలు తప్ప అన్నీ ఆగిపోయాయి. చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు. ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది: ఆ రాత్రి వాళ్లు పాతిన స్తంభాలు దాదాపు లేవు. కొత్త గుర్తు పలకలన్నీ అంతకుముందే నిలబెట్టి, ముసుగులు తొడిగి ఉంచారు. ఆ రాత్రి చేయాల్సిందల్లా కొత్తవాటి ముసుగు తీసి పాతవాటికి తొడగడమే. అసలు శ్రమంతా నెలల తరబడి పట్టపగలు సాగింది, రాత్రికి మిగిలింది చివరి చిన్న కదలిక. వండి సిద్ధం చేసి మూత పెట్టిన విందులాంటిది, వడ్డన మాత్రమే మిగిలింది. 1967లో స్వీడన్ ఇలాగే కుడివైపుకు మారింది, ఆ అనుభవం కళ్లముందుంది. అయినా అది దేశం మొత్తం మారడం. ఇక్కడ ఒక్క దీవుల గొలుసు తన దేశంతో కలవడానికి మారాలి, మియాకో, ఇషిగాకి దీవులు కూడా అదే ఘడియకు. ఉదయం 6 గంటలకు ‘కార్లు ఎడమ, మనుషులు కుడి’ అన్న నియమం అమల్లోకి వచ్చింది. నహా వీధుల్లో బళ్లు బారులు తీరాయి, కొత్త బస్సులు కొన్ని ప్రమాదాల్లో చిక్కుకున్నాయి. పాత అలవాటు చేతుల్లోంచి అంత తేలిగ్గా పోదు కదా. ఇంత పెద్ద మార్పులో ఆ మాత్రం తడబాటును నేను లోపంగా లెక్కపెట్టను. ఆనాటి బస్సుల్లో ఒకటో రెండో ఇప్పటికీ కంపెనీలు మరమ్మతు చేసుకుంటూ కాపాడుకుంటున్నాయి.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. ఇంటికి మళ్లేవాళ్ల దారిలో ఉన్న పెట్రోలు బంకులు, కొట్లు రాత్రికి రాత్రే ఎదుటి గట్టుకు చేరిపోయాయి. గిరాకీ రోడ్డు దాటి అవతలికి పోయింది.

అమెరికా స్థావరాల సంగతి వేరు. 1972 మే 15న, వానలో, నహా పౌరమందిరంలో వేడుక జరుగుతుంటే పక్కనున్న యోగి పార్కులో నిరసన సభ నడిచింది. స్థావరాలు పోకుండా దీవి మాత్రం తిరిగి రావడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. ఎన్నికల్లో గెలిచి, తర్వాత తొలి గవర్నరైన యారా చోబ్యో కూడా వేడుకలో నిలబడి, ఒకినావా కోరినదంతా దక్కలేదని దాపరికం లేకుండా చెప్పాడు. జపాన్ నేలలో 0.6 శాతమే ఉన్న ఒకినావాలో, దేశంలో అమెరికా సేనలకే కేటాయించిన స్థావరాల భూమిలో దాదాపు 70 శాతం ఇంకా ఉంది. ఆ కంచెల లోపలి బళ్లు కూడా 1978 జూలై 30 నుంచి ఎడమవైపునే నడుస్తున్నాయి.