ఒక పేరా కథ: లిడెల్ హార్ట్ యుద్ధచరిత్రలు

యుద్ధాన్ని కళ్ళారా చూసినవాడు యుద్ధచరిత్ర రాస్తే అందులో అబద్ధం ఉండదని మనలో చాలామందికి ఒక నమ్మకం. కథల గురించీ, కవిత్వం గురించీ కూడా ఇదే మాట వింటుంటాం: అనుభవించినవాడి రచనే ప్రామాణికమని. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించుకోవటానికి బ్రిటిష్ సైనిక చరిత్రకారుడు బేసిల్ లిడెల్ హార్ట్ జీవితం బాగా ఉపయోగపడుతుంది.

ఆయన 1895లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదువుతుండగా 1914 యుద్ధం వచ్చి సైన్యంలో చేరాడు. 1916 జులైలో సోమ్ రంగంలో ఉన్నాడు. ఆ నెల 1వ తేదీన, ఒక్కరోజులో, బ్రిటిష్ సైన్యం దాదాపు 57 వేలమందిని నష్టపోయింది. అందులో చచ్చినవాళ్ళే 19 వేలు దాటారు. కొద్దిరోజులకు మామెట్జ్ అడవి దగ్గర ఆయన విషవాయువుకు గురయ్యాడు. (హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన దక్కన్ హార్స్ రౌతులు 14వ తేదీన గుర్రాలమీద దాడికి దిగింది అక్కడికి కొద్ది మైళ్ళలోనే. వాళ్ళ తరఫున పుస్తకం రాయటానికి కెప్టెన్ ఎవరూ లేడు.) దెబ్బతిన్న ఆరోగ్యంతో మళ్ళీ ముందువరసకు పోలేక, 1927లో కెప్టెన్ హోదాతోనే సైన్యం వదిలాడు. అప్పటికే డెయిలీ టెలిగ్రాఫ్‌కు సైనిక విలేకరి. 1935లో టైమ్స్‌కు మారాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. గాయపడి ఇంటికి వచ్చిన కొత్తలో ఆయన తమ సేనానుల్ని తిట్టలేదు. ఆ దాడి నడిపిన తీరును మెచ్చుకుంటూ రాశాడు! కోపం తర్వాత వచ్చింది. పత్రాలు చదివి, పాత అధికారుల్ని కదిలించి, లెక్కలు పోల్చి చూసుకున్నాక వచ్చింది. 1930లో వెలువడిన 'ది రియల్ వార్' ఆ కోపం ఫలితమే. అంటే సోమ్ బురద ఆయనకు కళ్ళు తెరిపించలేదు, అధ్యయనం తెరిపించింది. అనుభవం దానంతట అదే అవగాహన అయిపోతుందని వాదించేవారు ఈ సంగతికి సమాధానం చెప్పుకోవాలి.

ఆయన సిద్ధాంతం పేరు 'పరోక్ష మార్గం'. శత్రువును ఎదురుగా ఢీకొట్టకుండా, పక్కనుంచి, వెనకనుంచి, అతను ఊహించని చోట దెబ్బతీయాలి. వేలమందిని ముళ్ళకంచెల మీదికి తోలిన సేనానులకు ఇది న్యాయమైన జవాబే. కాని సిద్ధాంతం దొరికాక చరిత్రంతా దానికి సాక్ష్యం చెప్పటం మొదలుపెట్టింది. రోమన్ సిపియో, అమెరికన్ షెర్మన్, అందరూ పరోక్ష మార్గీయులే అయ్యారు. గెలిచినదల్లా పరోక్షం, ఓడినదల్లా ప్రత్యక్షం. ముందే ముగింపు రాసిపెట్టుకుని కథ నడిపే రచయితను మనం ఏమంటామో ఆయన్నీ అదే అనాలి. ఇంతకూ ఆ పుస్తకాల్లో సేనాని ఆలోచిస్తాడు, పటం మీద బాణం గుర్తు కదులుతుంది. ఆ బాణం లోపల నడుస్తున్న మనిషి మాత్రం అంకెగానే మిగిలిపోతాడు.

1930ల చివర ఆయన రక్షణదే పైచేయి అన్నాడు, యూరపు భూభాగానికి పెద్ద సైన్యాన్ని పంపవద్దన్నాడు. 1940లో ఫ్రాన్సు ఆరు వారాల్లో కూలిపోయింది. ఆయన ప్రతిష్ఠా దానితోపాటే కూలింది.

అది మళ్ళీ లేచిన తీరే ఈ కథలో అసలు ఘట్టం. యుద్ధం ముగిశాక ఇంగ్లండులో బందీలుగా ఉన్న జర్మన్ సేనానుల్ని కలిసి మాట్లాడి, 1948లో 'ది అదర్ సైడ్ ఆఫ్ ది హిల్' ప్రచురించాడు. తప్పులన్నీ హిట్లరువి, నేర్పంతా సేనానులది అన్న చిత్రం అందులోంచి బయటికొచ్చింది. తూర్పురంగంలో ఆ సైన్యం సోవియట్ ప్రజలకు చేసిన ఘోరాలు ఆ సంభాషణల్లో నీడలాగా కూడా సరిగ్గా కనపడవు. 1949లో మాన్‌స్టైన్‌ను యుద్ధనేరాలకు విచారించినప్పుడు ఆయన తరఫున గొంతెత్తిన వాళ్ళలో మన చరిత్రకారుడూ ఒకడు.

సేనానులకు మంచిపేరు కావాలి. ఆయనకు పోయిన పేరు కావాలి. గుడేరియన్ ఆత్మకథ జర్మన్ భాషలో 1951లో వచ్చింది. 1952 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఒక పేరా అదనంగా ఉంది: దూరదూరాలకు చొచ్చుకుపోయే ట్యాంకుదళాల ఆలోచనకు లిడెల్ హార్ట్‌కు ఋణపడ్డానని. జర్మన్ మూలంలో అది లేదు. అలాంటి వాక్యాలు చేరిస్తే బాగుంటుందని గుడేరియన్‌కు ఉత్తరం రాసి అడిగింది లిడెల్ హార్టే. గురువు తన గురుత్వాన్ని శిష్యుడి చేత రాయించుకున్నాడన్నమాట. 1988లో జాన్ మియర్‌షైమర్ ఈ వ్యవహారాన్నంతా విప్పి ఒక పుస్తకమే రాశాడు.

మరి ఆయన్ని మోసగాడని కొట్టిపారేద్దామా? నేను కొట్టిపారేయలేను. 1944లో 'వై డోంట్ వి లెర్న్ ఫ్రమ్ హిస్టరీ?' అన్న చిన్న పుస్తకంలో, పత్రాన్ని గుడ్డిగా నమ్మవద్దనీ, రేపటి చరిత్రలో మంచిగా కనపడటం కోసమే రాసిపెట్టుకున్న కాగితాలు ఉంటాయనీ హెచ్చరించినవాడు ఆయనే. అధికారిక చరిత్రలు ఏమేమి దాస్తాయో లోపలినుంచి చూసి చెప్పినవాడూ ఆయనే. ఎందరో యువ పరిశోధకులకు తన ఇంటినీ, కాగితాలనూ తెరిచిపెట్టాడు. 1970లో చనిపోయాక ఆ సంపదంతా లండన్ కింగ్స్ కాలేజీకి చేరింది.

గుడేరియన్‌తో నడిపిన ఉత్తరాలు కూడా ఆ దొంతరల్లోనే ఉన్నాయి. ఆయన వాటిని చింపేయలేదు.