కిటికీ గట్టు మీది తెల్లపిల్లి

పిల్లిని గడప దాటనివ్వకుండా పెంచే ఇళ్లు మనలోనూ ఉన్నాయి ఇప్పుడు. అది కూర్చుని వీధి చూడ్డానికి కిటికీకి తగిలించే పలకలు కూడా అమ్ముతున్నారు. ఎలాంటిది కొనాలని అడిగేవాళ్లని నేను ముందు ఓ బొమ్మ చూడమంటాను. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసింది. ఎదో నగరం, అంటే ఇవాళ్టి టోక్యో, దృశ్యాలని నూరు బొమ్మలుగా వేస్తానని మొదలుపెట్టి నూరు దాటించాడాయన. ఇది వాటిలో ఒకటి.

మేడగది కిటికీ. గట్టు మీద మొండితోక తెల్లపిల్లి, వీపు గుండ్రంగా చేసి ముడుచుకు కూర్చుని, చెక్క చువ్వల సందుల్లోంచి బయటికి చూస్తోంది. బయట పొలాలు, దూరాన ఫుజి కొండ, సాయంత్రపు ఆకాశంలో పక్షుల బారు. పొలాల మధ్య చీమలబారులా జాతరకి వెళ్లే జనం.

పిల్లికి చోటు చూపించడంలో హిరోషిగేకి నూటికి నూరు మార్కులూ వేసెయ్యొచ్చు. ఒళ్లంతా పట్టేంత గట్టు, కింద కదలని చెక్క, పడిపోకుండా చువ్వలు, చూసినకొద్దీ కదిలే లోకం! పిల్లికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? రబ్బరు కప్పులతో అద్దానికి అతికించే పలకకి ఈ నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? నాలుగు కిలోల పిల్లి దూకినప్పుడు ఒక్కసారి జారిందంటే, మళ్లీ మీరెంత బతిమాలినా అది దానివైపు చూడదు.

సరే, పిల్లి సంగతి అయింది. ఆ గది ఎవరిది?

అది యోషివారా. ప్రభుత్వమే అనుమతిచ్చి నడిపించిన వేశ్యవాడ. గదిలో మనిషి లేదు. గట్టు మీద నీళ్ల గిన్నె, తువ్వాలు. కింద తెర పక్కన కొత్త కొప్పుసూదులు, ఆకులు లాగే వెదురు పళ్ల కర్ర ఆకారంలో. ఆ జాతరలో అదృష్టం కోసం కొనుక్కునే వస్తువు అది. జాతర రోజంటే యోషివారాకి గిరాకీ రోజు. ఆమె ఎక్కడుందో హిరోషిగే చెప్పడు.

ఈ బొమ్మని ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని మెచ్చుకునేవాళ్లతో నాకు పేచీ. ఆ వాడ చుట్టూ కందకం ఉండేది. అప్పు కింద వచ్చిన ఆడపిల్లలు అడక్కుండా గుమ్మం దాటడానికి వీల్లేదు. పిల్లిని లోపల ఉంచడం మన ముద్దు, మన జాగ్రత్త. ఆమెని ఉంచింది బాకీ పత్రం. ఇద్దరికీ కిటికీ ఒకటే అయినంత మాత్రాన చూపు ఒకటవుతుందా?

చిత్రకారుడి మీద కూడా నాకో ఫిర్యాదుంది. ఆ సాయంత్రపు రంగు మరీ తియ్యగా వేశాడు, కళ్లు అక్కడే ఆగిపోతాయి. అయినా, మన నవలల్లోలా ఆమెని కిటికీ దగ్గర నిలబెట్టి కన్నీళ్లు కార్పించలేదు, అందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. ఈసారి ఆ బొమ్మ కనిపిస్తే పిల్లి దగ్గరే ఆగిపోక కింది మూలకి చూడండి. ఆ కొప్పుసూదులు ఇంకా ఎవరి జడలోకీ ఎక్కలేదు.